మూడో పట్టిక

రాయగడలో ఆషాఢం ముందు రేకుల మీద పడుతుంది,
ఆ తర్వాత జ్వరాల రిజిస్టరులో.
మా లేబొరేటరీ గదికి ఒకటే కిటికీ.
అవతల నాగావళి, నీళ్లొస్తే
ఇటుక పొడి కలిపినట్టు ఉంటుంది.

మూడు వానాకాలాలు రాశాను.
రెండొందల పద్నాలుగు జ్వరాలు,
మలేరియా కిట్టులో రెండో గీత పడనివి.
చొక్కా విప్పమన్నాను.
చంకలో, చెవి వెనక, మొలతాడు కింద వెతికాను.
అరవై ఒక్కమందికి దొరికింది
బీడీతో చురక పెట్టినట్టు ఒక నల్ల పొక్కు.
నొప్పుండదు. అందుకే ఎవరూ చెప్పరు.
పొదల్లో పురుగు, కంటికి ఆనదు.
వేళకి పడితే చిల్లరకొచ్చే మాత్ర చాలు.
వేళకి.

పత్రికకి పంపాను.
దసరాకి, పరిశీలనలో ఉంది.
మజ్జిగౌరమ్మ చైత్ర జాతరకి, పరిశీలనలో ఉంది.
నడుమ ఒకరు అడిగారు,
రచయిత్రి చదువేమిటని కాదు గాని
అలాంటిదే, మర్యాదగా.

జ్యేష్ఠం చివర, కరెంటు నిలిచిన ఒక రాత్రి
దాన్ని ప్రీప్రింటుగా పెట్టేశాను.
నెత్తిన ఒక వాక్యం వాళ్లే తగిలించారు:
ఇది నిపుణులు ఇంకా చూడనిది,
దీన్ని నమ్మి వైద్యం చేయకండి.
సిగ్గేసింది,
లోలంగా అంచు కనపడుతోందని
బస్సులో ఎవరో చెవిలో చెప్పినట్టు.
చెప్పిన మాట నిజమే మరి.

పదకొండు రోజులు అలికిడి లేదు.
పన్నెండో రోజు సిరొంచా నుంచి ఉత్తరం.
మహారాష్ట్ర కొసన, ప్రాణహిత ఒడ్డున,
మా ఊరిలాగే
కాగితం మీద ఒక భాష, నోట్లో ఒక భాష ఉన్న చోటు.
కొండగొర్ల సమ్మయ్య, లేబొరేటరీ టెక్నీషియన్:

"మేడం, మీ మూడో పట్టికల వయసులు కూడితె
అరవయ్యే అయితున్నయి.
పైన అరవై ఒకటని రాసిండ్రు.
నాలుగు సార్లు కూడిన. తప్పుగ అనుకోకుండ్రి.
ఈ పొక్కు మా దగ్గర గూడ ఉంది.
నిన్న ఇద్దరికి చూసిన.
ఇన్నేండ్లు గజ్జి అనుకున్నం."

రిజిస్టరు తీశాను.
ఆగస్టు, పేజీ అడుగున, ఒడియాలో:
సుకురు హుయికా, తొమ్మిదేళ్లు.
నాలుగు పేజీల తర్వాత నా చేతి తెలుగులో:
శుక్ర ఉయక. వయసు ఖాళీ.
ఒక్కడే గుంటడు.
మాత్రలు సగంలో ఆపేసి మళ్లీ వచ్చాడు.
ఆ రోజు వరసలో నలభైమంది. అడగలేదు నేను.
వాడు నా లెక్కలో రెండుసార్లు బతికాడు.

తెల్లారేలోపు దిద్ది రెండో ప్రతి పెట్టాను.
రెండొందల పదమూడు. అరవై.
చివర కృతజ్ఞతల్లో ఒకే పేరు, సమ్మయ్యది.
మొదటి ప్రతి పోలేదు.
తీసెయ్యడం వాళ్ల పద్ధతి కాదట.
తేదీతో సహా అక్కడే ఉంటుంది నా తప్పు,
ఎవరు నొక్కితే వాళ్లకి తెరుచుకుంటుంది.
మా హెడ్ గుమాస్తా బిసోయి గారైతే
కొట్టివేత కనపడిన పేజీ
మొత్తం తిరగరాయమంటారు.
నేను కూడా ఇన్నాళ్లూ
అదే శుభ్రం అనుకున్నాను.

నిన్న పత్రిక నుంచి జాబు.
ఇంగ్లీషు ఎవరికైనా చూపించమన్నారు.
ఇంకా,
మాకు పంపిన సంఖ్యకీ
ప్రీప్రింటులో సంఖ్యకీ ఒకటి తేడా ఉంది,
వివరించగలరు.

వివరణ మొదలుపెట్టాను.
ఆ ఒకటి ఒక గుంటడు అని రాశాను.
పేరు రాయకూడదు కనక
ఆ తర్వాతి వాక్యం రాలేదు.

బయట బల్ల మీద ఆరుగురున్నారు, తడిసి.
మొదటివాణ్ణి పిలిచాను.
చొక్కా తర్వాత విప్పుదువు గాని,
నీకెన్నేళ్లురా, అన్నాను.